వానొస్తదో రాదో తెలియని ఆదివారం గ్రూప్ రైడ్: మీకు అందులో మజా ఎక్కడుంది?

హంటర్‌రోడ్_హ్యాండిల్ | గురువారం రాత్రి 9:12

మిర్గం (మృగశిర కార్తె) దాటింది. ఇక అక్టోబర్ దాకా ప్రతి శనివారం రాత్రి మన గ్రూపులో నడిచేది ఒకటే సీరియల్: "రేపు ఉందా, లేదా?" ఒకరు మిద్దె మీద నుంచి ఆకాశం ఫొటో పెడతారు. ఇంకొకరు రాడార్ బొమ్మ పెడతారు. ఒకాయన "నాకు కొంచెం జలుబు" అని ముందే దారి వేసి పెట్టుకుంటాడు. పదకొండింటి దాకా ఏదీ తేలదు. తీరా పొద్దున అయిదింటికి హనుమకొండ అదాలత్ దగ్గర చూస్తే ఎప్పుడూ వచ్చే మొహాలే.

నాకొక అనుమానం. డిసెంబర్, జనవరిలో రోడ్డు పొడిగా ఉంటుంది, చల్లగా ఉంటుంది, జనం కూడా ఎక్కువే వస్తారు. కానీ చాయ్ దగ్గర కూర్చున్నాక ఆ రైడ్ల ముచ్చట ఎవరూ తీయరు. తీసేదంతా గూడెప్పాడ్ క్రాస్ దగ్గర దొరకబుచ్చుకున్న వాన గురించి, ములుగు నుంచి ఎదురుగాలిలో వచ్చిన రోజు గురించి. ఎందుకు? కష్టపడ్డాం కాబట్టి గుర్తుందా, ఇంకేమైనా ఉందా? దయచేసి "ప్రకృతి అందం" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి.

కాజీపేట_కిలోమీటర్ | గురువారం రాత్రి 9:15

ప్రకృతి అందం.

(కొట్టకన్నా.)

ఇనుపరాతి | గురువారం రాత్రి 10:02

నేను చెప్తా. మబ్బు లేని రోజు మనది గ్రూప్ రైడే కాదు. ఒకే టైంకు ఒకే రోడ్డు మీద ఎవరికి వారు పోవడం. ధర్మసాగర్ వైపు చిన్న ఎక్కుడు రాగానే ముందున్న నలుగురు లేచి నిలబడి తొక్కుతారు. ఆ తర్వాత వాచీ చూసుకోవడం, ఎవరి టైం ఎంత అని రాత్రి దాకా యాప్‌లో లెక్కలు. వెనకవాళ్లు హోటల్ చేరేసరికి ముందువాళ్ల ఇడ్లీ అయిపోయి ప్లేట్లు కూడా తీసేసి ఉంటారు.

మబ్బు పట్టిన రోజు ఈ పోటీకి ఎవరూ చావగొట్టకుండానే ప్రాణం పోతుంది. తడి రోడ్డు మీద రికార్డు కొడదామని ఎవరికీ ఉండదు. గంటకు 30 కిలోమీటర్లలో పోయేవాడు 24కు దిగుతాడు. 24లో మాట్లాడుకోవచ్చు. ఎవరి దగ్గర స్పేర్ ట్యూబ్ ఉంది, ఎవరి వెనక లైట్ చార్జింగ్ అయిపోయింది, ఎవరు రాత్రి డ్యూటీ చేసి నిద్ర లేకుండా వచ్చారు, ఇవన్నీ అందరికీ కావాల్సిన సంగతులవుతాయి.

తడవడంలో మజా ఉందని మాత్రం నేననను. తడి షార్ట్స్‌తో నలభై కిలోమీటర్లు తొక్కి తొడలు ఒరుసుకుపోయినవాడు ఆ మాట అనడు. తడుస్తామో లేదో ఎవరికీ తెలియకపోవడం ఉంది చూడండి, దాంట్లో ఉంది. ఏళ్ల తరబడి తొక్కుతున్నవాడికీ, నిన్న సైకిల్ కొన్నవాడికీ ఆ సంగతిలో తెలిసింది సమానమే. మిగతా రోజుల్లో ఆ సమానత్వం లేదు.

మబ్బు_లెక్కలు | గురువారం రాత్రి 10:40

సమానం అన్నది సగం నిజమే అన్నా. కొంత ముందే తెలుసుకోవచ్చు. తెలుసుకున్నాక మిగిలిందే అసలు అనుమానం.

ముందు గాలి సంగతి. నైరుతి కాలంలో మన దగ్గర గాలి ఎక్కువగా పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. హనుమకొండ నుంచి ములుగు తూర్పు, ఈశాన్యాల మధ్య ఉంది. అంటే పోయేటప్పుడు గాలి వీపు మీద. ఆత్మకూరు దాకా మనమందరం చాంపియన్లమే, సైకిల్ కొత్త చైనుకు ఇంత మహిమా అనుకుంటాం. బిల్లు తిరిగి వచ్చేటప్పుడు వస్తుంది. అందుకే జూన్, జూలైల్లో కొత్తవాళ్లు ఉంటే స్టేషన్ ఘన్‌పూర్ వైపు పెట్టమని నా మొర. ఓపిక ఉన్నప్పుడు గాలికి ఎదురు తొక్కి, అలిసిపోయాక గాలితోనే ఇంటికి రావచ్చు.

ఇక వాన. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా కదిలితే ఉత్తర తెలంగాణకు ముసురు పడుతుంది. ఆ ముసురులో చాలావరకు ఉరుములు తక్కువ, తుంపర ఎక్కువ. అది మరీ గట్టిపడనంత వరకు నెమ్మదిగా తొక్కుతూ పోవచ్చు. నేను భయపడేది ఏప్రిల్, మే నెలల వానలకు, మళ్లీ రుతుపవనాలు వెనక్కి తిరిగే రోజుల వానలకు. పగలంతా ఎండ కాసి, సాయంత్రానికి ఒక్కసారి గాలిదుమారం లేచి, దాని వెంటే పిడుగులు. అవి ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే వస్తాయి. మనం పొద్దుగాల అయిదింటికి బయల్దేరేది ఎండకు భయపడి మాత్రమే కాదు.

దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారు చేసింది. మన చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. యాప్ లేకపోయినా మెరుపుకు, ఉరుముకు మధ్య లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు ఉరుము వినిపించిందంటే అది పది కిలోమీటర్ల లోపే ఉంది, సైకిల్ దిగి పక్కా బిల్డింగులోకి పోవాలి. చివరి ఉరుము తర్వాత అరగంట కదలొద్దు. చెట్టు కిందికి అసలే పోవద్దు.

కొత్త_సైకిలు | గురువారం రాత్రి 10:51

నమస్తే అందరికీ. నేను ఈ మధ్యే కొన్నాను. చెట్టు కింద కాకపోతే ఎక్కడ నిలబడాలి సార్? ఆత్మకూరు దాటాక రెండు పక్కలా పొలాలే కదా.

మబ్బు_లెక్కలు | గురువారం రాత్రి 11:04

బడి, పంచాయతీ ఆఫీసు, ఎవరి ఇల్లైనా సరే. అద్దాలు ఎత్తిన కారులో కూర్చున్నా పరవాలేదు. ముందు తెరిచి ఉండే బస్ షెల్టర్, రేకుల పందిరి వానకు పనికొస్తాయి, పిడుగుకు కాదు. ఏదీ లేనిచోట ఇరుక్కుంటే కనీసం గుంపుగా నిలబడకండి, దూరం దూరంగా ఉండండి. గ్రూప్ రైడ్‌లో విడిపోవాల్సిన సమయం అదొక్కటే.

కాజీపేట_కిలోమీటర్ | గురువారం రాత్రి 11:06

ఇనుపరాతి అన్నకు 24లో మాటలొస్తాయట. మాకు 24 అంటే ఉన్న మాట కూడా పోతుంది.

ఎండ_చాలు | శుక్రవారం ఉదయం 7:30

అందరూ మజా మజా అంటున్నారు. 2023 జూలై చివరి వారం అప్పుడే మరిచిపోయారా? ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది, జనం మిద్దెల మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. 2024 ఆగస్టు చివర తాడ్వాయి అడవిలో ఒక్క గాలికి వేలాది చెట్లు కూలాయి. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వచ్చినప్పుడు హనుమకొండ కాలనీల్లోకే నీళ్లొచ్చాయి.

మీరు రైడ్‌కు పోయే రోడ్లు ఇవే. ఈ జిల్లాల్లో ఉంటూ వానను ఆటగా చూడడం నాకు మింగుడుపడదు. ఇంకొకటి, మీరు ఫోన్ పాలిథిన్ కవర్లో చుట్టి బ్యాగులో వేసుకుంటారు. ఇక్కడ ఇంట్లో వాళ్లు చేసే ఫోన్ కాల్ మీకు వినపడదు. ఆ టెన్షన్ సంగతి ఎవరూ రాయలేదు.

ఇనుపరాతి | శుక్రవారం ఉదయం 8:15

వాతావరణ శాఖ ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఉన్న రోజు పోదామని ఇక్కడ ఎవరన్నారండీ? మేం మాట్లాడేది మబ్బు పట్టి, జల్లు పడేలా ఉండి, పడకుండా కూడా పోయే రోజు గురించి. ఏడాదిలో నాలుగు నెలలు అలాంటి రోజులే. వాటన్నిటికీ ఇంట్లో కూర్చుంటే సైకిల్ గోడకు తగిలించే వస్తువు అవుతుంది.

ఎండ_చాలు | శుక్రవారం ఉదయం 8:22

పొద్దున ఎల్లో ఉన్నది పదింటికి ఆరెంజ్ అవుతుంది. అప్పటికి మీరు ములుగు దగ్గర జాకారంలో ఉంటారు.

మత్తడి_దుంకింది | శుక్రవారం ఉదయం 9:47

ఎండ_చాలు గారు అన్నదాంట్లో విషయం ఉంది. అయితే దానికి జవాబు ఇంట్లో కూర్చోవడం కాదు, వెనక్కి తిరగడం నేర్చుకోవడం. ఆ రూట్ మీదే చెప్తాను.

భారీ వానలు పడి కటాక్షపూర్ చెరువు మత్తడి దుంకితే (నిండి అలుగు పారితే) ఆ నీళ్లు 163 నంబర్ జాతీయ రహదారి మీదికే వస్తాయి. ఆ దారిన పోయేవాళ్లందరికీ తెలిసిన సంగతి. మేము రామప్ప పోదామని బయల్దేరిన ఒక ఆదివారం హనుమకొండలో చినుకు లేదు. పైన ఎక్కడో రాత్రంతా కొట్టింది. కటాక్షపూర్ దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద నీళ్లు పారుతున్నాయి. మా వాళ్లలో ఒకరు అననే అన్నారు, "లారీలు పోతున్నాయి కదా" అని. లారీ బరువెంత, మనమూ మన సైకిలూ కలిపి ఎంత? నీళ్ల కింద రోడ్డు అంచు కనపడదు. తారు ఉందో కొట్టుకుపోయిందో తెలియదు. మోకాలి లోతు కూడా అక్కర్లేదు, జోరుగా పారుతుంటే అంతకంటే తక్కువ నీళ్లే మనిషిని పడేస్తాయి.

మా గ్రూపులో పద్ధతి ఏమిటంటే, పోదాం అనడానికి అందరూ ఒప్పుకోవాలి, తిరుగుదాం అనడానికి ఒక్కరు చాలు. ఆ ఒక్కరు కారణం చెప్పక్కర్లేదు. తర్వాత ఎవరూ ఎత్తిపొడవకూడదు. ఆ రోజు ఒకామె "నేను దాటను" అంది. అంతే, మాట ముగిసింది.

ఇప్పుడు మజా విషయానికి వస్తాను. మేం రామప్ప చేరలేదు. 1213లో కట్టిన గుడి, వచ్చే వారం కూడా అక్కడే ఉంటుంది. కానీ ఆ మత్తడి దగ్గర గంటకు పైనే ఉండిపోయాం. ఊరివాళ్లు వలలు పట్టుకుని చేపల కోసం నిలబడ్డారు. పిల్లలు అడ్డం పడుతుంటే పెద్దవాళ్లు అదిలిస్తున్నారు. మా వాళ్లలో ఒకాయన అక్కడే బేరమాడి చేపలు కొని, వీపు జేబుల్లో పెట్టుకుంటానని మొండికేశాడు. చలికాలంలో రామప్ప చేరకుండా వెనక్కి తిరగడమంటే పరువు సమస్య. ఆ రోజు ఎవరికీ వెలితి అనిపించలేదు. గమ్యం పోయినా రైడ్ పోలేదు.

కాజీపేట_కిలోమీటర్ | శుక్రవారం ఉదయం 9:55

చేపలు ఇంటిదాకా వచ్చాయా?

మత్తడి_దుంకింది | శుక్రవారం ఉదయం 10:01

వచ్చాయి. జెర్సీ మాత్రం మళ్లీ రైడ్‌లో కనపడలేదు.

పాత_డైనమో | శుక్రవారం మధ్యాహ్నం 1:20

నేను రైల్వేలో చేసి రిటైర్ అయినవాణ్ని. కాజీపేట. ఇప్పటికీ నా 22 ఇంచీల నల్ల సైకిలే. మీ గ్రూప్ వెనకాల వడ్డేపల్లి చెరువు దాకా వచ్చి ఆగిపోయే ముసలాయన ఎవరో కాదు.

మేము లోకో షెడ్డుకు షిఫ్టులకు పోయే రోజుల్లో వానాకాలం సైకిల్ తొక్కడం మజా కాదు, డ్యూటీ. రాత్రి షిఫ్టుకు నలుగురైదుగురం కూడుకుని పోయేవాళ్లం. ప్లాస్టిక్ సంచి ఒక మూల లోపలికి మడిచి తల మీదుగా కప్పుకుంటే అదే రెయిన్‌కోట్. అందరి సైకిళ్లకు డైనమో ఉండేది కాదు. ఉన్నవాడు ముందు, మిగతావాళ్లు ఆ వెలుతురు పట్టుకుని వెనక. డైనమో టైరుకు ఒరుసుకుంటుంటే బండి బరువెక్కుతుంది, అందుకని ముందున్నవాడు "నేనొక్కణ్నే మీకోసం గాడిద చాకిరీ చెయ్యాలా" అని తిట్టుకుంటూ తొక్కేవాడు. తిట్లు వింటూ పోతే దారి తెలిసేది కాదు.

ఒక పని మాట. పట్టాలు తడిసి ఉన్నప్పుడు గేటు దాటేటప్పుడు ఏటవాలుగా పోవద్దు. హ్యాండిల్ తిప్పి పట్టాకు అడ్డంగా, నేరుగా దాటాలి. పట్టా మీద బ్రేక్ వేయొద్దు, పెడల్ కూడా ఆపండి. అనుమానం ఉంటే దిగి నడిపించండి, ఎవరూ నవ్వరు. పక్కనే పోతున్న రెండో సైకిల్‌కు కూడా చోటు కావాలి కాబట్టి గేటుకు ముందే ఒంటి వరుస కట్టండి.

ఇనుపరాతి | శుక్రవారం మధ్యాహ్నం 1:44

సార్, మీ ముందున్నాయన తిట్టుకున్న పనినే మేమిప్పుడు వంతులు వేసుకుని చేస్తున్నాం. ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే వెనకవాళ్లకు గాలి దెబ్బ పాతిక నుంచి నలభై శాతం దాకా తగ్గుతుంది. ములుగు నుంచి ఎదురుగాలిలో వచ్చేటప్పుడు ముందు రెండు నిమిషాలు లాగి, పక్కకు తప్పుకుని, వరుస చివరికి చేరడం. చివరికి చేరగానే గాలి ఆగిపోయినట్టు అనిపిస్తుంది, చెవుల్లో హోరు తగ్గి మనుషుల మాటలు వినిపిస్తాయి. ఆ రెండు నిమిషాల కష్టానికి వచ్చే జీతం అది. గాలి లేని రోజు ఈ వంతులకు అర్థమే ఉండదు, ఎవరి కాళ్లు వాళ్లవే.

పొట్టి_మడ్‌గార్డ్ | శుక్రవారం సాయంత్రం 6:10

వంతులు బాగానే ఉన్నాయి, వాన పడ్డాక మాత్రం ఆ దగ్గరితనం తగ్గించండి. ముందు చక్రానికి మన చక్రానికి కనీసం ఒక సైకిల్ పొడవు ఎడం, అదీ కొంచెం పక్కకు జరిగి. రిమ్ బ్రేకులు (రబ్బరు ప్యాడ్ చక్రం అంచును పట్టుకునేవి) ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోవాలి: తడిసిన రిమ్ మీద ప్యాడ్ ముందు నీళ్లు తుడుస్తుంది, ఆ తర్వాతే పట్టుకుంటుంది. వరుసలో కొందరికి డిస్క్ బ్రేకులు, కొందరికి రిమ్ ఉంటే డిస్క్ వాడు టక్కున ఆగుతాడు, వెనక రిమ్ వాడు ఆగడు. అందుకే డిస్క్ బళ్లు వెనక, రిమ్ బళ్లు ముందు. ఎవరూ చెప్పరు గాని సగం గొడవలు ఇక్కడే.

టైర్లలో గాలి మామూలుగా కొట్టేదానికంటే అయిదు నుంచి పది పీఎస్‌ఐ తగ్గించండి. తొలి వానకు మొదటి పదిహేను నిమిషాలు మరీ జాగ్రత్త, ఎండాకాలమంతా రోడ్డులో ఇంకిన ఆయిల్ అప్పుడే పైకి తేలుతుంది. తెల్ల పట్టీల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద మలుపు తిప్పొద్దు. పంక్చర్లు ఎక్కువవుతాయి, ఎందుకంటే తుమ్మ ముళ్లు, గాజు ముక్కలు అంచుల నుంచి కొట్టుకొచ్చి రోడ్డు మీద పడతాయి, తడి రబ్బరులోకి ఇట్టే దిగుతాయి. వానలో ప్యాచ్ అంటదు. ట్యూబే మార్చండి, ప్యాచ్ ఇంటికొచ్చాక.

ఇంటికి రాగానే స్నానం తర్వాత, ముందు చైను. మంచి నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, ఆరాక ఆయిల్. బూట్లలో పాత పేపర్ ఉండలు చుట్టి కుక్కండి, రెండు గంటలకోసారి మార్చండి. మర్నాటికి ఆరిపోతాయి.

ఇక మడ్‌గార్డ్. నా పేరు ఊరికే పెట్టుకోలేదు. గ్రూపులో మడ్‌గార్డ్ ఉండేది మీ వీపు కోసం కాదు, వెనకవాడి నోటి కోసం. వెనక చక్రం లేపే నీళ్లలో ఏముంటుందో ఊరి మధ్య రోడ్డు మీద పోయినవాళ్లకు చెప్పక్కర్లేదు. బర్రెలు కూడా అదే రోడ్డు మీద పోతాయి.

కాజీపేట_కిలోమీటర్ | శుక్రవారం సాయంత్రం 6:14

ఇప్పుడే టిఫిన్ చేద్దామని కూర్చున్నా.

నర్సంపేట_నాగలి | శుక్రవారం రాత్రి 8:55

రెండు రోజుల నుంచి చదువుతున్నా. మీ రాడార్ల లెక్క మీది, మా ఇంట్లో లెక్క కార్తెలది. మిర్గంలో తొలకరి పడిందా, ఆరుద్రలో ఎర్ర పురుగులు కనపడ్డాయా, ఇదీ మా నాయన చూసేది. ఉత్తర దాకా వాన లేకపోతే "ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెతే ఉంది, మూటాముల్లె సర్దుకుని ఊరు విడిచి పొమ్మని. తొలకరికి పత్తి గింజ వేశాక వాన మొహం చాటేస్తే గింజ మాడిపోతుంది, మళ్లీ కొనాలి. మీ ఆదివారం చినుకు పడకపోతే "హమ్మయ్య" అంటారు. అదే ఆదివారం మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినరు. నేను రెండు వైపులా ఉన్నవాణ్ని కాబట్టి రైడ్‌లో మబ్బు చూసి ఏమనుకోవాలో నాకు ఎప్పుడూ తేలదు.

రోడ్డు గురించి మీరు రాయనిది ఒకటుంది. నాట్ల రోజుల్లో కొందరు ట్రాక్టర్ కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) తీయకుండానే రోడ్డెక్కిస్తారు. తారు లేచిపోతుంది, రేగడి మట్టి పెళ్లలు పడతాయి, దాని మీద జల్లు పడితే ఏ టైరూ నిలవదు. పొలాల మధ్య మలుపుల్లో చూసుకోండి.

ఇంకో కాలం వడ్లది. వానాకాలం పంట నవంబర్ ప్రాంతంలో, యాసంగి పంట ఏప్రిల్, మేలో రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు పోతుంది, చుట్టూ రాళ్లు పెడతారు. సైకిల్ వాళ్లు విసుక్కోవడం చూశాను, నేనూ విసుక్కున్నాను, మా వడ్లు కానప్పుడు.

ఒక మే నెలలో పాకాల పోయి తిరిగి వస్తున్నాం. ఎండ ఎక్కింది, అందరం నీరసంగా ఉన్నాం. గిర్నిబావి ఇవతల గాలి మారింది. చల్లగా తగిలింది, వాసన వచ్చింది, అయిదు నిమిషాల్లో దుమ్ము లేచింది. రోడ్డు పక్క ఒక అవ్వ, ఒక మనిషి వడ్ల కుప్ప మీద పట్టాలు కప్పడానికి ఉరుకుతున్నారు. పట్టా గాలికి లేచి చేతుల్లోంచి జారుతోంది. నేను సైకిల్ పడేసి ఉరికాను. వెనకాల మిగతావాళ్లు కూడా దిగారు. వాళ్లలో పొలం గట్టు ఎక్కినవాళ్లు కూడా తక్కువే. హెల్మెట్లు, కళ్లద్దాలు, బిగుతు బట్టలు, అందరూ తలో కొస పట్టుకున్నారు. అవ్వ అరిచింది, మెచ్చుకోవడానికి కాదు. "ఆ బూట్లిప్పుండ్రి, వడ్లు నలుగుతయ్!" అని. అడుగున పెడల్‌కు బిగుసుకునే క్లీట్లు కదా. అందరం బూట్లిప్పి ఉత్త కాళ్లతో వడ్ల మీద నిలబడి పట్టా లాగి, అంచుల మీద రాళ్లు పెట్టాం. అది అయ్యేలోపే చినుకులు పెద్దవయ్యాయి. పక్కనున్న రైతు ఇంట్లోకి పరుగెత్తాం.

వాన వెలిసేదాకా ఆ ఇంట్లోనే. సంచుల లెక్క, కొనుగోలు కేంద్రంలో తేమ ఎంత ఉంటే తీసుకుంటారు, కాంటా ఎప్పుడు పెడతారు, ఇవే ముచ్చట్లు. 17 శాతం తేమ దాటితే ఏమవుతుందో ఆ రోజు మా గ్రూపులోని సాఫ్ట్‌వేర్ వాళ్లకు తెలిసింది. ఇప్పుడు వాళ్లు రోడ్డు మీద వడ్లు కనపడితే అడగకుండానే దూరంగా తిప్పుకుని పోతారు.

ఎండ_చాలు | శుక్రవారం రాత్రి 9:20

ఇది బాగుంది. నా అభిప్రాయం మారలేదు గాని, ఇది బాగుంది.

వడ్డేపల్లి_కట్ట | శనివారం ఉదయం 6:40

ఆడవాళ్లెవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా.

మబ్బు పట్టిన రోజు తెల్లవారడం ఆలస్యమవుతుంది. అయిదున్నరకు కూడా చీకటే, వాకింగ్ చేసేవాళ్లు కూడా రారు. ఒంటరిగా నేను బయటికి రాను. కాబట్టి వానాకాలంలో గ్రూప్ అనేది నాకు ముందు ధైర్యం, ఆ తర్వాతే సరదా. తడిసిన బట్టలతో హోటల్ ముందు చాయ్‌కి నిలబడితే చూపులు ఎలా ఉంటాయో మగవాళ్లు ఎప్పుడూ ఆలోచించి ఉండరు. పైన వేసుకోవడానికి పల్చటి, మెరిసే రంగు జాకెట్ ఒకటి నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. ఆగే చోటు ఎంచేటప్పుడు బజ్జీలు బాగుంటాయా అని కాకుండా టాయిలెట్ ఉందా అని చూడమని పోరి పోరి సాధించాం. రైడ్ పెట్టే అన్నలు ఇది రాసుకోండి.

ఇక నాకు నచ్చేది. గట్టి వాన మధ్యలో ఒక పది నిమిషాలు ఉంటాయి. కళ్లద్దాల మీద నీళ్లు, మాటలు వినపడవు, రోడ్డు మీద నిలిచిన నీళ్లలో గుంత ఎక్కడుందో కనపడదు. నా ముందు చక్రం ఎటు పోతే నేనూ అటే. ముందు నుంచి "గుంతా!" అని కేక వస్తుంది, రెండోవాళ్లు అందుకుంటారు, మూడోవాళ్లు అందుకుంటారు, నా దాకా వస్తుంది, నేను వెనక్కి అంటాను. ఆ గుంత నేను చూడలేదు, చూసినవాళ్లెవరో కూడా తెలియదు, అయినా తప్పించుకుని పోయాను. ఆఫీసులో ఎవరి మాటా అలా నమ్మను.

అన్నట్టు, బురద కొట్టుకున్నాక అందరిదీ ఒకటే అవతారం. ఫొటో తీస్తుంటే ఎవరూ కడుపు లోపలికి పీల్చరు.

హంటర్‌రోడ్_హ్యాండిల్ | శనివారం ఉదయం 9:05

అక్కా, టాయిలెట్ మాట రాసుకున్నాం. ఇకనుంచి పెట్రోల్ బంక్ ఉన్నచోటే మొదటి ఆగుడు.

ఎండ_చాలు గారి ఇంటి టెన్షన్ మాట కూడా వదిలేది కాదు. ఒక పని చేద్దాం. ఆగిన ప్రతిచోట ఒకే ఒక్కరు, మన కుటుంబాలవాళ్లున్న వాట్సాప్ గ్రూపులో "ఫలానా చోట ఉన్నాం, అందరూ ఉన్నారు" అని ఒక ముక్క పెట్టాలి. ఎవరికి వారు పెడితే ఎవరూ పెట్టరు. రేపు ఆ పని కాజీపేట_కిలోమీటర్‌ది, ఎలాగూ అందరికంటే ముందు ఫోన్ తీసేది అతనే.

కాజీపేట_కిలోమీటర్ | శనివారం ఉదయం 9:11

జీతం ఎంత?

హంటర్‌రోడ్_హ్యాండిల్ | శనివారం సాయంత్రం 7:30

రేపటి సంగతి. ఇప్పటికి ఎల్లో అలర్ట్ మాత్రమే ఉంది. అదాలత్ దగ్గర 5:15కు కూడిక. పొద్దున 4:30కు మబ్బు_లెక్కలు రాడార్ చూసి చెప్తాడు, ఆరెంజ్ వస్తే రద్దు, వాదన లేదు. గాలి పడమర నుంచి ఉంది కాబట్టి స్టేషన్ ఘన్‌పూర్ వైపు పోయి రావడమే. వెనక లైట్ లేనివాళ్లను తీసుకుపోం. మత్తడి_దుంకింది వాళ్ల పద్ధతే మనదీ: తిరుగుదాం అనడానికి ఒక్కరు చాలు.

ఎండ_చాలు గారూ, మీరూ రండి.

ఎండ_చాలు | శనివారం సాయంత్రం 7:52

రాను. మడికొండ దగ్గర చాయ్‌కి స్కూటర్ మీద వస్తా. డిక్కీలో రెండు టవల్స్ వేసుకొస్తా, ఎవరికి కావాలో వాళ్లే తేల్చుకోండి.

కొత్త_సైకిలు | శనివారం రాత్రి 8:18

నేను వస్తున్నా. లైట్ కొన్నాను. మడ్‌గార్డ్ మాత్రం నా సైజుకు దొరకలేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ నిలువుగా కోసి సీటు కింద జిప్ టైలతో కట్టాను. నడుస్తుందా?

పొట్టి_మడ్‌గార్డ్ | శనివారం రాత్రి 8:25

నడుస్తుంది. కోసిన అంచులకు టేప్ వేయి, లేకపోతే తొడకు గీసుకుంటుంది. టైరుకూ దానికీ మధ్య వేలు పట్టేంత సందు ఉందో లేదో చక్రం తిప్పి చూడు. మీ ఫ్రేమ్‌కు సరిపోయేది నా దగ్గర ఒకటి పాతది పడి ఉంది, పొద్దున తెస్తా. అది బిగించేదాకా వరుసలో చివర తొక్కు.